రియల్ టైమా, వంతుల వారీగానా? ఆన్‌లైన్ యుద్ధపు ఆటల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లకు పైగా ఈ రెండు రకాలూ ఆడుతున్నాను. హాస్టల్ లాన్ (కంప్యూటర్లని కేబుల్‌తో కలిపే నెట్‌వర్క్) మీద ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌తో మొదలైంది. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక ఒక్క వంతు ఆడి పడుకునే దాకా వచ్చింది. కొత్తగా వచ్చేవాళ్లు, ఎప్పుడో మానేసి మళ్లీ మొదలుపెడదామనుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కటే. వాటికి నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

అసలు ఈ రెండింటికీ తేడా ఏమిటి?

రియల్ టైమ్ స్ట్రాటజీని అందరూ ఆర్‌టీఎస్ అంటారు. ఇందులో గడియారం ఎవరి కోసమూ ఆగదు. మీరు గొర్రెల దగ్గర తిండి పోగేస్తుంటే అదే క్షణంలో అవతలి మనిషి సైనికుల్ని తయారుచేసే బ్యారక్స్ కడుతుంటాడు. ఏం చేయాలా అని మీరు పది సెకన్లు ఆలోచిస్తే ఆ పది సెకన్లూ అతనికి కలిసొచ్చినట్టే.

టర్న్ బేస్డ్ అంటే వంతుల ఆట. ఒక ఎత్తు నేను వేశాక నువ్వు, నువ్వు వేశాక నేను. పాత గుళ్ల రాతి అరుగుల మీద చెక్కిన పులిజూదం గీతలు చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పులులు తక్కువ, మేకలు ఎక్కువ. పులికి మేకను దూకి చంపడం గెలుపు, మేకలకి పులిని కదలకుండా కట్టేయడం గెలుపు. రెండు పక్షాల బలం వేరు, లక్ష్యం వేరు, అయినా పోటీ సమానం. వార్‌గేమ్ తయారుచేసేవాళ్లు ఈనాటికీ కుస్తీ పడేది ఈ సమతూకం కోసమే.

వార్‌గేమ్, టర్న్ బేస్డ్ స్ట్రాటజీ రెండూ ఒకటేనా?

కాదు. వార్‌గేమ్‌లో అసలు ప్రశ్న ఒక యుద్ధం నిజంగా ఎలా నడుస్తుందన్నది. నేల ఎత్తుపల్లాలు, సరఫరా, సైనికుల ధైర్యం, ఆజ్ఞ చేరడానికి పట్టే సమయం, ఇవన్నీ లెక్కలోకి రావాలి. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్స్ తన సైన్యానికి ఇలాంటి ఆట తయారుచేసిచ్చాడు. అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ 1954లో అలాంటి ఆటని పెట్టెలో పెట్టి మామూలు జనానికి అమ్మాడు. ఆయన పెట్టిన అవలాన్ హిల్ కంపెనీ దశాబ్దాల పాటు ఈ రంగానికి పెద్దదిక్కు. 1980లో వచ్చిన కంప్యూటర్ బిస్మార్క్‌తో ఆట తెర మీదికెక్కింది. సివిలైజేషన్ కూడా వంతుల ఆటే కానీ దాన్ని వార్‌గేమ్ అనలేం. అందులో యుద్ధం చాలా పనుల్లో ఒక పని.

ఆన్‌లైన్‌లో ఎక్కువ మంది ఆడేది ఏది?

మనిషి మీద మనిషి ఆడే పోటీ ఆటల్ని తీసుకుంటే ఆర్‌టీఎస్‌దే పైచేయి. వార్‌గేమ్‌లు ఆ దరిదాపుల్లో ఉండవు. టర్న్ బేస్డ్ అన్న మాటలోకి సివిలైజేషన్, చదరంగం కూడా తీసుకొస్తే మాత్రం బొమ్మ తిరగబడుతుంది. అందుకని ఎవరైనా ‘ఎక్కువమంది ఆడేది ఇదే’ అంటే ముందు వాళ్లు దేన్ని లెక్కపెడుతున్నారో అడగండి.

ఇంకో సంగతి ఉంది, దీన్ని నేను గట్టిగా చెబుతాను. మనం సాధారణంగా చూసే అంకె ‘ఈ క్షణంలో ఎంతమంది ఆడుతున్నారు’ అన్నది. వంతుల ఆటకి ఆ కొలత అన్యాయం చేస్తుంది. ఒక ఆర్‌టీఎస్ మ్యాచ్ నలభై నిమిషాలు నడిచిందనుకోండి. ఆ నలభై నిమిషాల్లో ఎప్పుడు తొంగిచూసినా ఇద్దరు కనబడతారు. నేను, నా స్నేహితుడు ఒక వంతుల ఆటని ఆరు వారాలు ఆడాం. చెరో ఇరవై వంతులు, వంతుకి పన్నెండు నిమిషాల చొప్పున మొత్తం 480 నిమిషాలు. ఆరు వారాల్లో ఉండే నిమిషాలు 60,480. అంటే మీరు వంద సార్లు తొంగిచూస్తే ఇద్దరిలో ఒక్కరైనా కనబడేది ఒక్కసారే, అదీ అదృష్టం ఉంటే. మేం ఆడిన సమయం మాత్రం ఆ ఆర్‌టీఎస్ మ్యాచ్‌లోని ఇద్దరూ కలిసి ఆడినదానికి ఆరు రెట్లు. ఖాళీగా కనబడే సర్వర్ చూసి ‘ఈ ఆట చచ్చిపోయింది’ అనేవాళ్లు ఈ లెక్క వేసి చూడాలి.

ఒక మాట ఒప్పుకోవాలి. వార్‌గేమ్ కొనేవాళ్లలో చాలామంది ఒంటరిగా కంప్యూటర్ మీదే ఆడతారు. వాళ్లు ఆన్‌లైన్ లెక్కలోకి ఎలాగూ రారు.

రియల్ టైమ్ అంత త్వరగా ఎలా జనంలోకి వెళ్లింది?

పదేళ్లలో అంతా జరిగిపోయింది. 1992లో వెస్ట్‌వుడ్ వాళ్ల డ్యూన్ 2 వచ్చింది. వనరులు తవ్వు, కట్టడాలు కట్టు, సైన్యం తయారుచెయ్యి, దాడి చెయ్యి అన్న నాలుగు మెట్ల వరస అక్కడే స్థిరపడింది. 1994లో వార్‌క్రాఫ్ట్, 1995లో కమాండ్ అండ్ కాంకర్, 1997లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, 1998లో స్టార్‌క్రాఫ్ట్, 1999లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, 2002లో వార్‌క్రాఫ్ట్ 3. ఇళ్లలోకి ఇంటర్నెట్ వస్తున్న సంవత్సరాలు కూడా సరిగ్గా ఇవే. పైగా వార్‌క్రాఫ్ట్, స్టార్‌క్రాఫ్ట్ తయారుచేసిన బ్లిజార్డ్ తన ఆన్‌లైన్ సర్వీస్ బ్యాటిల్.నెట్‌ని ఆటతోపాటు ఉచితంగా ఇచ్చింది. ప్రత్యర్థి కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు, బటన్ నొక్కితే దొరుకుతాడు.

కొరియా కథ వేరే. 1997 చివర్లో అక్కడ ఆర్థిక సంక్షోభం వచ్చి ఉద్యోగాలు పోయినవాళ్లలో చాలామంది పీసీ బాంగ్‌లు, అంటే మన ఇంటర్నెట్ సెంటర్ల లాంటివి, పెట్టుకున్నారు. ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ మీద డబ్బు కుమ్మరించింది. ఆ సమయానికి మార్కెట్లో ఉన్న ఆట స్టార్‌క్రాఫ్ట్. గంటకింత అని డబ్బులిచ్చి కూర్చునే చోట అరగంటలో తేలిపోయే ఆట నడిచినట్టు ఇంకేదీ నడవదు. 2000లో ప్రొఫెషనల్ ఆటగాళ్ల కోసం సంఘమే ఏర్పడింది. టీవీ చానళ్లు రోజూ మ్యాచ్‌లు చూపించాయి. లిమ్ యో హ్వాన్ అనే ఆటగాడికి సినిమా హీరోకున్నంత మంది అభిమానులు తయారయ్యారు.

మన దగ్గరా చిన్న స్థాయిలో అలాంటిదే చూశాం. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ఇంటర్నెట్ సెంటర్లలో, ఇంజనీరింగ్ హాస్టళ్లలో లాన్ కేబుల్ లాగి ఆడింది ఎక్కువగా కౌంటర్ స్ట్రైక్, ఏజ్ ఆఫ్ ఎంపైర్సే. హెక్స్ గడుల (ఆరు మూలల గడుల) వార్‌గేమ్ ఆడేవాణ్ణి నేను కాలేజీ రోజుల్లో ఒక్కణ్ణి కూడా చూడలేదు.

అప్పటి డయలప్ మోడెమ్ మీద వందలమంది సైనికులు ఎలా కదిలేవారు?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. కాస్త నిదానంగా చెబుతాను.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ తయారుచేసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్ ముందున్న షరతు ఇది: 28.8 కేబీపీఎస్ మోడెమ్, ఎనిమిదిమంది ఆటగాళ్లు. తెర మీద వెయ్యికి పైగా ప్రాణులు. ఒక్కొక్కరూ ఎక్కడున్నారు, ఎంత ఆరోగ్యంతో ఉన్నారు అని పంపుతూ పోతే ఆ లైను మీద రెండు మూడు వందల మందికి మించి కదలరు. అందుకని వాళ్లు సైనికుల్ని పంపడం మానేసి ఆజ్ఞల్ని మాత్రమే పంపారు. ‘ఈ ఇరవైమంది విలుకాళ్లు అక్కడికి వెళ్లాలి’ అన్న చిన్న మాట తీగ మీద వెళుతుంది. ఆ తర్వాత అందరి కంప్యూటర్లూ ఎవరికి వారే ఒకే ఆటని అచ్చుగుద్దినట్టు లెక్కగడతాయి.

అలా జరగాలంటే అందరూ ఒకే ఆజ్ఞని ఒకే క్షణంలో అమలు చేయాలి. దానికోసం ఆటని దాదాపు 200 మిల్లీసెకన్ల ముక్కలుగా కోశారు. మీరు ఇప్పుడు క్లిక్ చేసిన ఆజ్ఞ రెండు ముక్కల తర్వాత అమలవుతుంది. ఆ మధ్యలో అది అందరికీ చేరుతుంది. ఆ ముక్కలకి వాళ్లు పెట్టుకున్న పేరేమిటో తెలుసా? టర్న్. వంతు. అంటే రియల్ టైమ్ అని మనం అనుకునే ఆట అడుగున సెకనుకి ఐదు వంతులు నడుస్తున్నాయి, అందరూ ఒకేసారి ఎత్తు వేస్తున్నారు. ఇది తెలిసిన రోజు నుంచీ ఈ రెండు రకాల్నీ పగవాళ్లుగా చూడటం నా వల్ల కాలేదు.

చిన్న తేడా వచ్చినా ఆట చెడుతుంది. ఒక మెషీన్‌లో మ్యాప్ తయారయ్యేటప్పుడు ఒక జింక వెంట్రుకవాసి పక్కన నిలబడితే, కాసేపటికి అది వేరే చోట మేస్తుంది. దాన్ని వేటాడే మనిషి బల్లెం గురి తప్పుతుంది. ఇంటికి మాంసం రాదు, ఆ ఊరి లెక్క మారిపోతుంది. అప్పుడు ‘అవుట్ ఆఫ్ సింక్’ అని తెర మీద పడి ఆట ఆగిపోతుంది. హాస్టల్‌లో రాత్రి రెండింటికి ఆ మాట చూసి ఎనిమిదిమందీ ఒక్కసారే ‘అయ్యో’ అన్న చప్పుడు నాకింకా గుర్తుంది. ఆ రోజుల్లో తప్పు కేబుల్‌ది అనుకున్నాం.

ఎన్‌సెంబుల్ వాళ్లు కనిపెట్టిన ఇంకో విషయం: క్లిక్‌కి, కదలికకి మధ్య పావు సెకను ఆలస్యం ఉన్నా జనం గమనించలేదు. అర సెకను దాకా సర్దుకున్నారు. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే చేయి దానికి అలవాటుపడుతుంది. ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ అయితేనే చిరాకు. ఈ రోజు వైఫై మీద ఆడేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. పింగ్ (సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయం) కాస్త ఎక్కువున్నా పర్లేదు, నిలకడగా ఉండాలి. వీలైతే కేబుల్ పెట్టుకోండి.

మరి టర్న్ బేస్డ్ ఆన్‌లైన్‌లో ఎందుకు వెనకబడింది?

ఎదురుచూపు వల్ల. ఇద్దరూ ఒకేసారి కూర్చుని ఆడితే సగం సమయం అవతలి మనిషి ఆలోచన ముగిసేదాకా ఖాళీ. ఎనిమిదిమంది ఒకరి తర్వాత ఒకరు ఐదేసి నిమిషాలు తీసుకుంటే మీ వంతు మళ్లీ రావడానికి ముప్పై ఐదు నిమిషాలు. పేకాట బల్ల దగ్గరైతే ఆ ఖాళీలో కబుర్లుంటాయి, టీ ఉంటుంది. ఒంటరిగా తెర ముందు అవేం ఉండవు.

చూసేవాళ్ల సంగతి ఇంకోటి. స్టార్‌క్రాఫ్ట్ మ్యాచ్‌ని ఆట రానివాడు కూడా నోరు తెరుచుకుని చూస్తాడు. నలభై నిమిషాలు ఒక డివిజన్ సరఫరా గీతని సరిచేసుకోవడం ఎంత లోతైన ఆలోచన అయినా వీడియోలో నిలబడదు. కొత్త ఆటగాళ్లు ఈ రోజుల్లో వీడియోలు చూసే వస్తున్నారు కాబట్టి ఆ దెబ్బ గట్టిదే.

మెయిల్ మీద ఆడటం అంటే ఏమిటి? ఇప్పటికీ ఆడుతున్నారా?

ఆడుతున్నారు. ఇంటర్నెట్ కంటే ముందు పోస్టు కార్డుల మీద ఆడేవారు. 1970లో రిక్ లూమిస్ అనే అమెరికన్ ఫ్లయింగ్ బఫెలో పేరుతో దీన్ని వ్యాపారంగానే మొదలుపెట్టాడు. తర్వాత ఈమెయిల్ వచ్చింది. మీ వంతు ఆడి ఆ ఫైల్ అవతలివాళ్లకి పంపుతారు, వాళ్లు తెరిచి తమ వంతు ఆడి తిరిగి పంపుతారు. దీన్నే పీబీఈఎం అంటారు. ఇప్పుడు ఫైళ్లు పంపే పని కూడా లేదు. వార్‌గేమ్‌లు ప్రచురించే స్లిథరీన్ లాంటి సంస్థలు మధ్యలో సర్వర్ పెట్టాయి, అదే వంతుని అందుకుని అవతలికి చేరుస్తుంది. సివిలైజేషన్ 6లో కూడా ప్లే బై క్లౌడ్ అని ఇలాంటిదే ఉంది.

నా స్నేహితుడు డాలస్‌లో ఉంటాడు. చలికాలంలో మా ఇద్దరికీ పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ నాకు రాత్రి పది అయ్యేసరికి అక్కడ పొద్దున పదిన్నర, ఆఫీసులో మీటింగ్‌లో ఉంటాడు. నలభై నిమిషాల ఆర్‌టీఎస్ మ్యాచ్ కోసం ఇద్దరం ఒకేసారి ఖాళీ అవ్వాలని మూడు నెలలు ప్రయత్నించాం. ఒక ఆదివారం కుదిరింది, అదీ మధ్యలో వాళ్ల పాప లేచి ఏడ్చింది. అప్పుడు ఫీల్డ్ ఆఫ్ గ్లోరీ 2 మొదలుపెట్టాం. 2017లో వచ్చిన ఆట, పురాతన కాలపు యుద్ధాలు. అతను గ్రీకు సైన్యం, నేను భారత సైన్యం. నా వంతు రాత్రి పదికి, అతని వంతు అక్కడ పిల్లలు పడుకున్నాక, అంటే నాకు పొద్దున తొమ్మిదికి.

ఆ ఆరు వారాల్లో ఒక్క వంతు చెబుతాను. ఎడమ పక్క గుట్ట మీద నా విలుకాళ్లు, మధ్యలో ఏనుగులు. అతని గుర్రపు దళం కుడివైపు నుంచి చుట్టి వస్తోంది. ఏనుగుల దగ్గరికొస్తే గుర్రాలు బెదిరి వరస చెడుతుంది. అది అతనికీ తెలుసు, అందుకే రెండు గడుల దూరంలో ఆగాడు. నేను ఏనుగుల్ని ముందుకి నడిపితే మధ్యలో ఖాళీ పడుతుంది, అక్కడ అతని పొడవాటి ఈటెల పదాతి కాచుక్కూర్చుంది. నడపకపోతే వచ్చే వంతుకి గుర్రాలు నా వెనక్కి వస్తాయి. ఆ రాత్రి ఎత్తు వేయకుండానే లాప్‌టాప్ మూసేశాను. మర్నాడు బస్సులో నిలబడి దాని గురించే ఆలోచించాను. ఆ ఆలోచనకి ఎవరూ టైమ్ పెట్టలేదు, అవతల ఎవరూ విసుక్కోలేదు. సాయంత్రానికి తోచింది: రెండు ఏనుగుల్లో ఒకదాన్నే పక్కకి తిప్పాలి. మెసేజ్ బాక్సులో అతను రాసింది ఒక్కటే మాట, ‘దొరికిపోయాను మావా’.

ఇంతకంటే పొడుగాటివీ ఉన్నాయి. 2009లో వచ్చిన వార్ ఇన్ ది పసిఫిక్ అడ్మిరల్స్ ఎడిషన్‌లో పెద్ద క్యాంపెయిన్ 1941 డిసెంబర్ 7న మొదలై రోజుకో వంతు చొప్పున నడుస్తుంది. ఇద్దరు మనుషులు రోజుకి ఒక్క వంతు ఆడితే అసలు యుద్ధానికి పట్టినన్ని ఏళ్లే పడతాయి.

ఇద్దరూ ఒకేసారి ఎత్తులు వేసే పద్ధతి లేదా?

ఉంది, నా ఉద్దేశంలో ఆన్‌లైన్‌కి అన్నిటికన్నా సరిపోయేది అదే. 1959లో అలన్ కాల్హామర్ తీసుకొచ్చిన డిప్లొమసీ అనే బోర్డు ఆటలో ఏడు దేశాలవాళ్లూ రహస్యంగా ఆజ్ఞలు రాసి ఒకేసారి బయటపెడతారు. పాచికలే ఉండవు. 2000లో వచ్చిన కంబాట్ మిషన్‌లో ఇద్దరూ ఆజ్ఞలిస్తారు, తర్వాత అరవై సెకన్ల యుద్ధం దానంతట అదే నడుస్తుంది, ఇద్దరూ కూర్చుని చూడాలి. చేతివేగం అక్కర్లేదు, ఎదురుచూపు సగమవుతుంది. అవతలివాడు ఏం చేస్తాడో ముందే ఊహించాలి కాబట్టి టెన్షన్‌కి కొదవుండదు.

సివిలైజేషన్ ఆన్‌లైన్‌లో ‘ఒకేసారి’ అన్నది మాత్రం వేరు. అక్కడ ఆజ్ఞ ఇవ్వగానే అమలైపోతుంది. అందుకని యుద్ధం వచ్చినప్పుడు కొత్త వంతు తెరుచుకున్న మొదటి రెండు సెకన్లలో ఎవరు ముందు క్లిక్ చేస్తే దెబ్బ వాళ్లదే. వంతుల ఆట కాస్తా చేతివేగం పోటీ అవుతుంది. స్నేహితులతో ఆడేటప్పుడు యుద్ధంలో ఉన్నవాళ్లు వంతులవారీగా కదలాలని ముందే మాట అనుకోండి.

చదరంగం కూడా వంతులదే కదా, అది ఆన్‌లైన్‌లో అంత బాగా ఎలా నడుస్తోంది?

గడియారం వల్ల. ఒక్కొక్కరికీ ఆట మొత్తానికి మూడే నిమిషాలుండే బ్లిట్జ్‌లో అవతలి మనిషి ఎంత ఆలోచించినా మీ ఎదురుచూపు మూడు నిమిషాలు దాటదు. ఒక్కొక్కరికి పావులు పదహారే, నియమాలు అందరికీ తెలుసు, ఫోన్‌లో పడుతుంది. ఆన్‌లైన్ చెస్ సైట్లలో ఎత్తుకి మూడు రోజుల గడువు పెట్టుకుని ఉత్తరాల పద్ధతిలోనూ ఆడొచ్చు. మన కోనేరు హంపి 2019లో, 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. వరంగల్ అబ్బాయి అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబర్‌లో 2800 రేటింగ్ దాటాడు. వాళ్లని చూసి నేర్చుకునే తెలుగు పిల్లలు వేగం, ఆలోచన రెండూ ఒకే ఆటలో సాధన చేస్తున్నారు. వార్‌గేమ్ తయారీదార్లు చదరంగం నుంచి ఆ గడియారాన్ని సరిగ్గా అరువు తెచ్చుకోలేదని నా ఫిర్యాదు.

ఆర్‌టీఎస్ పనైపోయింది అంటున్నారు, నిజమేనా?

ఒకప్పటి వెలుగు లేదు. దాన్ని తగ్గించింది దాని కడుపున పుట్టిందే. వార్‌క్రాఫ్ట్ 3 ఆటగాళ్లు చేసిన డోటా అనే మార్పు నుంచే 2009లో లీగ్ ఆఫ్ లెజెండ్స్, 2013లో డోటా 2 వచ్చాయి. ఊరంతా నడిపే పని తీసేసి ఒక్క వీరుణ్ణి చేతికిచ్చారు, పక్కన నలుగురు తోడు. ఒక్కడే ఓడిపోయే బాధ తగ్గింది. జనం అటు వెళ్లారు. 2020 అక్టోబర్‌లో బ్లిజార్డ్ స్టార్‌క్రాఫ్ట్ 2కి ఇక కొత్త అమ్మకపు కంటెంట్ చేయమని చెప్పేసింది.

అయినా ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 చూడండి. 1999 ఆట. 2019లో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చాక మళ్లీ చిగురించింది. 2022లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ కోటలో దానికి టోర్నమెంట్ పెట్టారు, నిజమైన కోటలో. అసలు సంస్థ మూతపడ్డాక ఆ ఆటని బతికించింది అభిమానులు. వాళ్లు చేసిన మార్పులే తర్వాత అధికారిక విస్తరణలయ్యాయి.

నా చేతివేగం తక్కువ. ఆర్‌టీఎస్ ఆడగలనా?

ఆడగలరు. నిమిషానికి ఎన్ని ఆజ్ఞలిస్తారన్నదాన్ని ఏపీఎం అంటారు. స్టార్‌క్రాఫ్ట్ ప్రొఫెషనల్స్‌ది మూడు వందలు దాటుతుంది. మామూలుగా ఆడటానికి అందులో పావు వంతు చాలు. 2019లో డీప్‌మైండ్ వాళ్ల ఆల్ఫాస్టార్ అనే ఏఐ ప్రోగ్రామ్‌ని చేతివేగానికి పరిమితి పెట్టి ఆడించినా అది స్టార్‌క్రాఫ్ట్ 2 ర్యాంకుల్లో 99.8 శాతం మంది కంటే పైకి వెళ్లింది.

వేగం కంటే లయ ముఖ్యం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ముగ్గురు గ్రామస్థులతో మొదలవుతారు. కొత్త గ్రామస్థుడు తయారవడానికి 25 సెకన్లు, ఖర్చు 50 తిండి. గ్రామస్థుల్ని తయారుచేసే టౌన్ సెంటర్ ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు. ఇది తప్ప మరేమీ నేర్చుకోకుండా పది ఆటలు ఆడండి, తేడా మీకే తెలుస్తుంది. తర్వాత అడవిపంది. ఒక మనిషి దాన్ని రెండు బాణాలు కొట్టి వెనక్కి తిరిగి పరుగెత్తాలి. అది వెంటపడి టౌన్ సెంటర్ దాకా రాగానే గొర్రెల దగ్గరున్నవాళ్లందరూ దాని మీద పడాలి. రెండు బాణాలకి బదులు నాలుగు కొడదామని నిలబడితే మనిషి పోతాడు. ఈ ఒక్క పని చేయి వణకకుండా వచ్చిందంటే ఆట మీ చేతికి వచ్చినట్టే.

ఒక హెచ్చరిక. మణికట్టు నొప్పి పెడితే ఆ రోజుకి ఆపేయండి. నొప్పితో ఆడితే అది ముదురుతుంది. నాకు రెండు నెలలు మౌస్ పట్టుకోవడం కష్టమైంది.

మోసాలు ఎందులో ఎక్కువ?

రెండింటిలోనూ ఉన్నాయి, దారులు వేరు. పైన చెప్పినట్టు ఆర్‌టీఎస్‌లో ఆట మొత్తం ప్రతి కంప్యూటర్‌లోనూ లెక్కవుతుంది. అంటే మీకు కనబడకుండా మబ్బు కప్పిన మ్యాప్ కూడా మీ మెషీన్ లోపల ఉంది. ఆ మబ్బుని తీసేసే ప్రోగ్రామ్‌నే మ్యాప్ హ్యాక్ అంటారు. మెయిల్ ఆటల్లో పాత జబ్బు వేరు: ఎత్తు వేసి, ఫలితం బాగోకపోతే ఫైల్ మళ్లీ తెరిచి ఇంకోసారి వేయడం. పాచికలు సర్వరే వేసే పద్ధతి వచ్చాక అది చాలావరకు పోయింది.

మన దక్షిణాది ఈ ఆటల్లో ఉందా?

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా వచ్చింది. అంతకు ముందు ‘ఇండియన్స్’ అని ఒకే ముద్ద. ఇప్పుడు హిందుస్తానీలు, గూర్జరులు, బెంగాలీలు, ద్రావిడులు అని నాలుగు. ద్రావిడుల బలం పదాతిలో, ఓడల్లో. ఉరుమి అనే చుట్టుకునే కత్తి పట్టిన సైనికులు వాళ్ల ప్రత్యేకం. కాకతీయులు, విజయనగరం అని విడిగా లేవు. రుద్రమదేవి ఓరుగల్లు కోట, లోపల రాతి గోడ, బయట మట్టికట్ట, చుట్టూ కందకం, ఇవన్నీ వంతుల ముట్టడి ఆటకి ఎంత బాగా కుదురుతాయో. ఎవరైనా తెలుగు పిల్లలు చేస్తే మొదట కొనేది నేనే.

ఎక్కడ మొదలుపెట్టాలి? డబ్బు పెట్టకుండా కుదురుతుందా?

కుదురుతుంది. వంతుల ఆటకి బ్యాటిల్ ఫర్ వెస్‌నోథ్. 2003 నుంచీ అందరూ కలిసి ఉచితంగా నడుపుతున్న ఆట. హెక్స్ గడులు, చిన్న సైన్యాలు. పగలు కొందరి బలం పావు వంతు పెరుగుతుంది, రాత్రి మరికొందరిది. అందుకే ఎప్పుడు ముందుకెళ్లాలి, ఎప్పుడు అడవిలోకి తగ్గాలి అన్నది సూర్యుణ్ణి చూసి నిర్ణయించాలి. వార్‌గేమ్ బుద్ధి నేర్పడానికి అంతకన్నా మంచి బడి లేదు. ఫోన్‌లో కావాలంటే పాలిటోపియా, ఖాళీ దొరికినప్పుడు ఒక్కో వంతు ఆడుకోవచ్చు.

రియల్ టైమ్‌కి స్టార్‌క్రాఫ్ట్ 2లో మొదటి క్యాంపెయిన్ (ఒంటరిగా ఆడే కథ), మల్టీప్లేయర్ 2017 నుంచి ఉచితం. ఎక్కువమంది కలిసి ఆడాలంటే బియాండ్ ఆల్ రీజన్, అదీ ఉచితమే, ఎనిమిదిమంది మీద ఎనిమిదిమంది. కొనగలిగితే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్.

ఏది ఎంచుకోవాలో తేలకపోతే మీ వారం చూసుకోండి. వరసగా గంట సేపు ఎవరూ పిలవని రోజులు మీకున్నాయా? రియల్ టైమ్. పదేసి నిమిషాల ముక్కలే దొరుకుతాయా? వంతులు.

మధ్యలో మానేయాల్సి వస్తే?

ఆర్‌టీఎస్‌లో ఓటమి ఖాయమనిపిస్తే ‘జీజీ’ (గుడ్ గేమ్) అని కొట్టి బయటికి రావడం మర్యాద. నోరు మెదపకుండా లైన్ కట్ చేయకండి. జట్టు ఆటలో అయితే చివరిదాకా ఉండండి, మీరు వెళ్లిపోతే మిగతావాళ్ల గంట వృథా. వంతుల ఆటలో ఊరెళుతున్నా, పరీక్షలున్నా అవతలి మనిషికి ఒక ముక్క రాసి పెట్టండి: ‘సంక్రాంతికి ఇంటికెళుతున్నా, పద్దెనిమిదిన మళ్లీ ఆడతా.’ ఎంతకాలమైనా ఆగుతారు. నేను ఒకసారి నాలుగు నెలలు ఆగాను, అవతల ఉన్నాయన కొడుకు పెళ్లి చేసుకొచ్చి అదే గుట్ట మీద నుంచి మళ్లీ దాడి మొదలుపెట్టాడు.